ఊపిరి ఎక్కువున్న మనిషి

నాన్న చెప్పినట్టు ఆ మనిషిని తయారుచేసేనాటికే నేను పదకొండు మందిని తయారుచేసి వదిలేసి ఉన్నాను.

నేను ఆడేది కంప్యూటర్ గేమ్. కోటలు, రాక్షసులు, మంత్రాలు ఉండే పెద్ద లోకం. మొదలుపెట్టేముందు అందులో తిరగబోయే మనిషిని మనమే తయారు చేసుకోవాలి. బలం, చురుకు, తెలివి, ఓర్పు అని గళ్ళుంటాయి. పంచుకోమని కొన్ని పాయింట్లు ఇస్తారు. ఏ గడిలో ఎన్ని పెడతామన్నదాన్ని బట్టి మన మనిషి కత్తి పట్టేవాడవుతాడు, నిప్పు విసిరే మంత్రగాడవుతాడు, చీకట్లో నడిచే దొంగవుతాడు. ఆడేవాళ్ళు దీన్ని బిల్డ్ అంటారు. ఆట సాగేకొద్దీ ఇంకా పాయింట్లు వస్తాయి గానీ, మొదట పట్టిన దారి మార్చుకోవడం కష్టం. అందుకని నెలల తరబడి విసుగు రాకుండా ఉండే బిల్డ్ ఏదని జనం ఇంటర్నెట్లో గంటలు గంటలు వాదించుకుంటారు. నేనూ అవన్నీ చదివేదాన్ని. చదివి, ఎప్పుడూ మొదట్లో గట్టిగా కొట్టేదాన్నే ఎంచుకునేదాన్ని. నిప్పుల మంత్రగత్తెతో ఇరవయ్యో లెవెల్‌కి చేరేసరికి ఎదురొచ్చినవన్నీ చిటికెలో కాలిపోయేవి. ఇంక ఆడడానికి ఏమీ మిగిలేది కాదు. తీసేసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

మాది యానాం. మా ఇంట్లో తరతరాలుగా చేపల వేటే. నేను భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, ఒక కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తున్నాను. నా షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి. పొద్దుటిపూట నాది.

ఆ ఏడాది వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ కదిలిన వారంలోనే నాన్న కుడి భుజం పోయింది. బోటును రేవులోకి లాగుతుంటే తాడు జారి కీలు తప్పింది, లోపల కండ చిరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసి, చెయ్యి మెడకు కట్టి, ఆరు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. యాభై ఆరేళ్ళ మనిషి పుట్టి బుద్ధెరిగాక ఇంట్లో అన్ని రోజులు కూర్చోవడం అదే మొదలు. నాలుగు రోజులు వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించాడు. ఐదో రోజు ప్లాస్టిక్ కుర్చీ ఒక్క చేత్తో ఈడ్చుకుంటూ వచ్చి నా వెనక వేసుకున్నాడు.

"ఏం చేస్తన్నావమ్మా?"

"కొత్తవాణ్ణి తయారు చేస్తున్నాను నాన్నా."

"పాతోడేమయ్యాడు?"

"విసుగొచ్చి తీసేశాను."

నాన్న తెరకేసి కాసేపు చూసి "పాపం" అన్నాడు.

ఆయన్ని కాస్త ఆడిద్దామనిపించింది. "ఈసారి నువ్వు చెప్పు. ఎలాంటోణ్ణి చెయ్యమంటావు?"

"ఈడేం పని చెయ్యాలి?"

"ఊళ్ళు తిరగాలి. కొట్లాడాలి. చచ్చిపోకుండా ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"నెలల తరబడి."

"మరి ఆ బలం గళ్ళో అన్నెందుకు పెట్టావు? కండలున్నోడు వల మొదటి గంట బాగానే లాగుతాడమ్మా. తర్వాత కూలబడతాడు. ఓర్పులో పెట్టు." తర్వాత అడిగాడు, "ఈడికి ఈతొచ్చా?"

ఈత అనే గడి లేదు గానీ ఊపిరి అనేది ఉంది. నీళ్ళలో ఎంతసేపు మునిగి ఉండగలడో అది చెబుతుంది. ఆ గడిలో ఎవరూ ఒక్క పాయింటు కూడా పెట్టరు, ఆటలో దానివల్ల పెద్ద లాభం లేదు. నాన్న మిగిలినవన్నీ అందులో పెట్టమన్నాడు. ఆయుధం ఏదంటే పొడుగాటి బల్లెం చాలన్నాడు. మంత్రాలు వద్దన్నాడు. చివరికి నా పోరు పడలేక, వెలుతురు ఇచ్చే మంత్రం ఒక్కటి ఉంచమన్నాడు.

ఆట ఆఖరున పేరు అడిగింది. నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత మా బాబాయి పేరు చెప్పాడు.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అమ్మ గడపలోకి వచ్చి నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆ పేరు మా ఇంట్లో పలికి పదిహేనేళ్ళయింది.

నాకు పదకొండేళ్ళప్పుడు నాన్నా, ఆయన తమ్ముడైన ఆ బాబాయీ చిన్న బోటులో వేటకెళ్ళి వస్తుంటే గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటం బోటును తిరగేసింది. నాన్న ఈదుకుంటూ ఇసుకదిబ్బకు చేరాడు. బాబాయి రాలేదు. వారం రోజులు బోట్లన్నీ వెతికినా ఒళ్ళు దొరకలేదు. నాన్న అందరికీ ఒకటే మాట చెప్పాడు. బోటు తిరగబడ్డాక తమ్ముడు తన కళ్ళకి మళ్ళీ కనపడలేదని.

మా పిన్ని, అంటే బాబాయి భార్య, మా పెరటివైపు వాటాలోనే ఉంటుంది. ఎండు చేపలు అమ్ముతుంది. ఒళ్ళు దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు. పెద్దలు అలా చేద్దామంటే పిన్ని ఒప్పుకోలేదు. కొట్టుకుపోయినవాళ్ళు ఏ ఒడిశా ఒడ్డునో, ఏ పరాయి దేశంలోనో తేలి, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చారని రేవులో చెప్పుకునే కథలు పట్టుకుని కూర్చుంది. బొట్టు తీయలేదు. సంక్షేమ పింఛను కాగితం మీద వితంతువు అని రాయబోతే పెన్ను లాక్కుందని అమ్మ చెబుతుంది. నాన్న అప్పట్నుంచీ మందు మానేశాడు. మందు కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి చేరే ఊళ్ళో ఉండి ఆయన సీసా ముట్టకపోవడం చూసి, తమ్ముడి మీద బెంగ అనుకున్నారు అందరూ.

ఆ మనిషితో ఆట మొదలుపెట్టాం. రెండు రోజుల్లో నేనే వదిలేస్తాననుకున్నాను. వాడు నక్కను చంపాలన్నా నానా తంటాలు పడేవాడు. తోడేళ్ళ గుంపు తరిమితే, నాన్న "నీళ్ళలోకి దింపు, నీళ్ళలోకి" అనేవాడు. తోడేళ్ళు ఒడ్డున తిరుగుతుంటే మావాడు అవతల ఒడ్డున తేలేవాడు. మిగతా ఆటగాళ్ళు పరుగెత్తిపోయే చోట మేం నిదానంగా నడిచేవాళ్ళం. నేను నాలుగేళ్ళుగా ఆడుతున్న ఆటలో, వాగు కింద గుహ ఉందని, కోట బావిలోంచి దారి ఉందని అప్పుడే చూశాను. నా చెయ్యి ఆడుతుంటే నాన్న నోటితో నడిపేవాడు. వారం గడిచినా విసుగు రాలేదు.

పిన్ని ఒకరోజు బజారుకు వెళ్తూ గుమ్మంలో ఆగింది. "బావగారికి భలే కాలక్షేపం దొరికిందే. ఆడి పేరేంటి?" అని అడిగింది.

తెర మీద పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, పిన్నికి అవి చదవడం రాదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ వంటింట్లోంచి, "ఏదో ఇంగ్లీషు పేరులే" అంది. పిన్ని నవ్వి వెళ్ళిపోయింది.

కొండల మధ్య ఒక చెరువుంది ఆ ఆటలో. దాని అడుగున బోర్లా పడిన పడవ, పడవ పక్కన ఒక అస్థిపంజరం, ఒక పెట్టె. ఆట తయారుచేసినవాళ్ళు అలాంటివి అక్కడక్కడా పెడతారు. నిధి కోసం మునిగి చచ్చినవాడని మనం అనుకోవాలి. మా వెలుతురు మంత్రం పడి అది ఒక్కసారిగా కనిపించింది. నేను అలవాటు కొద్దీ పెట్టె తెరవబోయాను. వెనక కుర్చీ చప్పుడైంది. తిరిగి చూస్తే నాన్న లేడు.

రెండు రోజులు నా పనిగదిలోకి రాలేదు. మూడో రోజు వచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"ఆణ్ణి పైకి తేవచ్చా?"

తేవచ్చు. ఆ ఆటలో శవాన్ని పట్టుకుని ఈడ్చవచ్చు. కానీ ఈడ్చేటప్పుడు వేగం సగమైపోతుంది. ఆ లోతు నుంచి పైకి రావడానికి మావాడి ఊపిరి చాలదు. అదే చెప్పాను.

"ఎలా చాలుతుంది మరి?"

"లెవెల్ పెరగాలి నాన్నా. పెరిగినప్పుడల్లా పాయింట్లు వస్తాయి. అవి ఊపిరిలో పెట్టాలి."

"అయితే పెంచు."

దాదాపు రెండు నెలలు పెంచాం. వచ్చిన ప్రతి పాయింటూ ఊపిరిలోకే. బల్లెం పదును, కవచం, వైద్యం అన్నీ అడుగునే ఉండిపోయాయి. నేను చదివిన ఏ సలహాలోనూ లేని బిల్డ్ అది. అయినా ప్రతి పొద్దుటా లేవగానే దాన్ని తెరవాలనిపించేది. నాన్న గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, పనికి వెళ్ళేవాడిలా వచ్చి కూర్చునేవాడు. అమ్మకు ఇదంతా నచ్చలేదు. "ఏమయ్యా, నీళ్ళు వదిలి ఇంట్లో కూర్చున్నావనుకుంటే, ఇంట్లోనూ నీళ్ళేనా?" అని ఒకసారి గట్టిగానే అంది. ఆయన వినిపించుకోలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న ఇంక చాలుతుందనుకుని చెరువులోకి దిగాం. నేను అస్థిపంజరాన్ని పట్టుకున్నాను. బటన్ నొక్కి ఉంచినంతసేపూ పట్టు ఉంటుంది, వేలు తీస్తే వదిలేస్తాడు. తెర మూల నీలం గీత ఊపిరి. అది కొంచెం కొంచెంగా తరిగిపోతోంది. నా వెనక నాన్న ఊపిరి తీసుకోవడం వినపడలేదు. చూస్తే ఆయన దవడ బిగించి, మెడ నరాలు ఉబ్బి, ఆయనా బిగబట్టి ఉన్నాడు.

మూడొంతులు వచ్చాం. పైన వెలుగు కనపడుతోంది. గీత అయిపోయి ఎర్రగా కొట్టుకోవడం మొదలైంది.

"నాన్నా, చాలదు. వదిలేస్తున్నా."

"వదలొద్దు!"

"చచ్చిపోతాడు నాన్నా!"

"వదలొద్దమ్మా, వదలొద్దు, వదలొద్దు!"

నేను వేలు తీసేశాను. మావాడు నీళ్ళ మీదికి తేలి పెద్దగా ఊపిరి తీసుకున్నాడు. కింద అస్థిపంజరం మెల్లగా తిరుగుతూ అడుగుకు దిగిపోయింది.

నాన్న ముఖం నల్లబడిపోయింది. చాలాసేపు రొప్పాడు. నేను మంచినీళ్ళు తెస్తే తాగలేదు. గ్లాసు పట్టుకునే చెప్పాడు.

"నేనూ ఇలాగే వదిలేశానమ్మా."

బోటు తిరగబడ్డప్పుడు వల బాబాయి కాళ్ళకు చుట్టుకుంది. నాన్న మునిగి బాబాయి చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. లాగాడు. వల బరువు ఇద్దర్నీ కిందికి లాగింది. ఊపిరి అయిపోయింది. ఒక్క గుక్క గాలి తీసుకుని మళ్ళీ దిగుదామని చెయ్యి వదిలాడు. మళ్ళీ దిగేసరికి అక్కడ ఎవరూ లేరు. ఎన్నిసార్లు దిగాడో ఆయనకు గుర్తు లేదు.

"కనపళ్ళేదని చెప్పేశాను. అప్పుడు నోటికి అదే వచ్చింది. తర్వాత మార్చలేకపోయాను."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. "ఇది మాకు చెప్పి ఏం లాభం? చెప్పాల్సిన మనిషి పెరట్లో ఉంది" అంది. గొంతులో కోపం లేదు.

నాన్న ఆ సాయంత్రమే చెప్పాడు. పిన్ని పెరట్లో ఎండు చేపలు గోనె మీంచి ఎత్తుతోంది. నాన్న ఆవిడ ఎదుట నేల మీద కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర నా పని చేసుకుంటూ చూశాను. మాటలు వినపడలేదు. పిన్ని చేతులు మాత్రం ఆగలేదు. చేపలన్నీ ఎత్తి, గోనె మడిచి, లేచింది. అప్పుడు ఆవిడ అన్నది నాకు వినపడింది.

"పదిహేనేళ్ళు బావగారూ. పదిహేనేళ్ళు నేను రేవులోకి వచ్చిన ప్రతి కొత్త మొహం చూశాను. మీకు తెలుసు. చూస్తా ఊరుకున్నారు."

తలుపేసుకుంది. మర్నాటి నుంచి మా వాకిట్లోంచి కాకుండా, వెనక సందులోంచి తిరిగి బజారుకు వెళ్ళేది. అమ్మ పంపిన కూర గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. నాన్న కుర్చీ నా పనిగదిలో ఖాళీగా ఉండేది. నేను ఆట తెరవలేదు. తెరిస్తే బాబాయి పేరున్న మనిషి తడి బట్టలతో ఒడ్డున నిలబడి ఉంటాడని తెలుసు. అలా గడిచిన నలభై రోజుల్లో రెండుసార్లు, మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా, వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించి తిరిగి చూశాను.

ఒక ఆదివారం పొద్దున్న మేం టిఫిన్ తింటుంటే పిన్ని ముందు గుమ్మంలోంచి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒకటి అడుగుతాను. నిజం చెప్పాలి."

నాన్న ప్లేటు పక్కన పెట్టాడు.

"ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"నీళ్ళు బురదమ్మా. ఏమీ కనపళ్ళేదు. చెయ్యి ఒక్కటే." నాన్న ఆగి, చెప్పాడు. "నేను పట్టుకోడమే కాదు. ఆడూ నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా."

పిన్ని గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. "అయితే ఒక్కడే లేడన్నమాట" అంది. అప్పుడు ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. నాన్న లేవలేదు, దగ్గరికి వెళ్ళలేదు.

ఆ నెలలోనే దర్భల బొమ్మ చేయించి కర్మ చేశారు. మొగ దాకా బోటులో వెళ్ళాం. బోటు నడిపేవాడు ఇంజను ఆపాడు. పిన్ని పూలూ పాలూ నీళ్ళలో వదిలింది. నాన్న ఆ చోటు చూపించలేదు, ఆవిడ అడగలేదు. దిబ్బలు ఏటేటా కదిలిపోతాయి కాబట్టి చూపించినా అది ఆ చోటు కాదు. పిన్ని బొట్టు మాత్రం తీయలేదు. "ఇప్పుడు తీస్తే ఎవరి కోసం?" అంది. వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, కానీ ముందున్న నవ్వులు లేవు. అవసరమైన మాటలు చాలు అన్నట్టు ఉంటారు.

ఆ తర్వాత నేనూ నాన్నా ఇంకో మూడు లెవెల్స్ పెంచి, ఆ అస్థిపంజరాన్ని ఒడ్డుకు తెచ్చాం. ఈసారి ఆయన అరవలేదు. చెట్టు నీడన పడుకోబెట్టమన్నాడు. పడుకోబెట్టాను. ఆట మాకు ఏ బహుమతీ ఇవ్వలేదు, ఒక మాటైనా చెప్పలేదు. మామూలుగా గాలి వీచింది, చెరువు కదిలింది. నాన్న "సరే" అని లేచాడు.

నాలుగు రోజుల తర్వాత నేను ఒక్కదాన్నే ఆడుతూ అటువైపు వెళ్ళాను. చెట్టు కింద ఏమీ లేదు. ఆటకు అదొక పద్ధతి. మనం దూరం వెళ్ళి కొన్నాళ్ళకు తిరిగొస్తే, ఏ వస్తువైనా మొదట ఉన్నచోటికే చేరిపోతుంది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా నీళ్ళలోకి దిగి వెలుతురు వేశాను. బోర్లా పడిన పడవ పక్కన, ముందున్నట్టే, అస్థిపంజరం చెయ్యి చాచి పడుకుని ఉంది.

నాన్నకు చెప్పలేదు. ఒక వారం దాచాను. అన్నం తినేటప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయేదాన్ని. మన ఇంట్లో ఇలాంటి దాపరికం ఇంకొకటి ఎందుకనిపించి, ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తున్న ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పేశాను.

"నాన్నా, అది మళ్ళీ నీళ్ళలోకే వెళ్ళిపోయింది."

నాన్న తలెత్తలేదు. "చూశానమ్మా."

"ఎప్పుడు?"

"నువ్వు లేవకముందు. ఎడం చేత్తో ఆ బటన్లు నేర్చుకున్నాను. ఒడ్డున పెడతన్నాను. మళ్ళీ వెళ్ళిపోతన్నాడు. మళ్ళీ తెస్తన్నాను."

"ప్రతిసారీనా?"

"వెళ్ళినప్పుడల్లా."

ఆయనకు భుజం కొంత నయమైంది. వేటకు వెళ్ళడు గానీ రేవులో వలల పని చూస్తాడు. ఆ మనిషి లెవెల్ ఇప్పుడు అరవై దాటింది. రెండేళ్ళుగా నేను ఇంకెవర్నీ తయారుచేయలేదు, వాణ్ణి తీసేయలేదు. తెల్లవారుతుండగా పక్కనున్న నా పనిగదిలోంచి నీళ్ళలో ఎవరో మునిగిన చప్పుడు వినిపించి మెలకువ వస్తుంది. లేచి వెళ్ళను. దుప్పటి కింద అలాగే పడుకుని, పైకి తేలిన చప్పుడు వచ్చేదాకా వింటూ ఉంటాను.